మే నెలలో కొండెక్కే ముందు: స్నోటెల్, కోపర్నికస్ బ్రౌజర్ రివ్యూ

మే చివర్లో మెమోరియల్ డే సెలవులు దగ్గర పడ్డాయంటే సియాటిల్ చుట్టుపక్కల తెలుగువాళ్ల ట్రెక్కింగ్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: "పైన మంచు కరిగిందా అండీ?" దానికి అవుననో కాదనో ఒక్క ముక్కలో జవాబు రాదు. కాస్కేడ్స్ కొండల్లో ఒకే ట్రైల్ మీద 3,500 అడుగుల దగ్గర పూలు విచ్చుకుని ఉంటాయి, 4,800 దగ్గర చెట్ల నీడలో మోకాలు దిగబడే మంచు ఉంటుంది. ఇంకాస్త పైకెళ్తే దక్షిణం వైపు వాలు ఎండి దుమ్ము లేస్తుంటుంది, గట్టు దాటి ఉత్తరం వైపు దిగబోతే ఆరడుగుల మంచు. కాబట్టి అడగాల్సినవి నాలుగు: ఏ ఎత్తు నుంచి, ఏ వైపు వాలు మీద, ఎంత మందం, రోజుకు ఎంత చొప్పున కరుగుతోంది.

ఈ నాలుగింటికీ పైసా ఖర్చు లేకుండా జవాబిచ్చే సర్వీసులు రెండున్నాయి. ఒకటి అమెరికా వ్యవసాయ శాఖ కింద ఎన్‌ఆర్‌సీఎస్ అనే విభాగం నడిపే స్నోటెల్ కేంద్రాలు. రెండోది యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహాల ఫొటోలు చూపించే కోపర్నికస్ బ్రౌజర్. దేనికది సగం మనిషే. స్నోటెల్ ఒక్క చోట మందం చెబుతుంది, చుట్టూ ఏముందో దానికి తెలియదు. ఉపగ్రహం కొండంతా చూపిస్తుంది, మందం దానికి తెలియదు. రెండూ పక్కపక్కన పెట్టుకుని అరగంట కూర్చుంటే, ట్రిప్ రిపోర్టులు రెండు గంటలు చదివినా దొరకని స్పష్టత వస్తుంది.

స్నోటెల్: ఒక్క చోటే, కానీ గట్టిగా

పశ్చిమ రాష్ట్రాల కొండల్లో, అలాస్కాతో కలిపి, 900కు పైగా స్నోటెల్ కేంద్రాలు మనుషులు లేకుండా పనిచేస్తుంటాయి. ఒక్కో చోట నేల మీద గడ్డకట్టని ద్రవం నింపిన పెద్ద పరుపులాంటిది పరిచి ఉంటుంది. దాని మీద పడ్డ మంచు బరువును బట్టి, ఆ మంచంతా కరిగితే ఎన్ని అంగుళాల నీరు నిలుస్తుందో లెక్క వస్తుంది. దీన్నే ఎస్‌డబ్ల్యూఈ అంటారు. పైన స్తంభానికి బిగించిన అల్ట్రాసోనిక్ సెన్సర్ మంచు లోతు కొలుస్తుంది. వీటితో పాటు గాలి వేడి, వాన కొలతలు కూడా గంటగంటకూ వెబ్‌సైటుకు చేరతాయి. వాషింగ్టన్ రాష్ట్రంలో వసంతకాలపు ట్రిప్పులకు ఎక్కువ పనికొచ్చేవి స్టీవెన్స్ పాస్ (3,950 అడుగులు), రెయినీ పాస్ (4,890), మౌంట్ రెయినియర్ మీద ప్యారడైజ్ (5,130), లైమన్ లేక్ (5,980), హార్ట్స్ పాస్ (6,490). మీ ట్రైల్‌కు దగ్గరలో ఉన్న కేంద్రం కంటే, మీ ట్రైల్ ఎత్తుకు దగ్గరగా ఉండి కాస్కేడ్స్‌లో అదే పక్కన ఉన్న కేంద్రం మేలు. శిఖరాల వరసకు పడమటి వైపు కురిసే మంచుకూ తూర్పు వైపు కురిసే మంచుకూ పొంతన ఉండదు.

పేజీ తెరవగానే అందరూ చూసేది లోతు. ముందు చూడాల్సింది మాత్రం ఎస్‌డబ్ల్యూఈ. లోతు రాత్రికి రాత్రే మారుతుంది: కొత్త మంచు పది అంగుళాలు పడి రెండు రోజుల్లో నాలుగుకు అణగొచ్చు, నీరు మాత్రం అంతే ఉంటుంది. ఎస్‌డబ్ల్యూఈని లోతుతో భాగిస్తే సాంద్రత వస్తుంది. అప్పుడే పడ్డ పొడి మంచులో అది 5 నుంచి 10 శాతం. వసంతంలో ముదిరిన మంచులో 40 నుంచి 50. కాలిఫోర్నియాలో ఫిలిప్స్ స్టేషన్ దగ్గర 2023 ఏప్రిల్ 3న కొలిచినప్పుడు లోతు 126.5 అంగుళాలు, నీరు 54 అంగుళాలు, అంటే దాదాపు 43 శాతం. మే నెలలో మీ కేంద్రం దగ్గర సాంద్రత 45 దాటిందంటే మంచు ముదిరింది, ఇక కరగడమే మిగిలింది, తెల్లవారుజామున గట్టిగా ఉండి కాలు నిలుస్తుంది. 35 లోపే ఉందంటే మీద కొత్త మంచు కూర్చుంది. అలాంటి మంచులో పొద్దున్నే బయల్దేరినా కాలు దిగబడుతుంది.

ఎప్పటికి కరుగుతుందో లెక్క వేయడం తేలిక. కేంద్రం దగ్గర ఇవాళ నీరు 28 అంగుళాలు ఉందనుకోండి. గత ఏడు రోజుల్లో 7.7 అంగుళాలు పోయింది, అంటే రోజుకు 1.1. ఇదే వేగమైతే 25 రోజులు. కానీ జూన్ ఎండ మే ఎండ కంటే గట్టిది, కరిగేకొద్దీ మంచు మాసి ఇంకా ఎక్కువ ఎండ పీలుస్తుంది. అందుకే వేగాన్ని ఒకటిన్నర రెట్లు చేసి రెండో లెక్క కూడా వేయండి: రోజుకు 1.65 చొప్పున 17 రోజులు. అంటే ఆ కేంద్రం ఉన్న ఎత్తులో, చదునైన ఖాళీ చోట 17 నుంచి 25 రోజుల్లో నేల కనిపిస్తుంది. మధ్యలో చల్లబడి మబ్బు పట్టిందంటే 25 కూడా దాటుతుంది. జూన్ మొదట్లో కాస్కేడ్స్‌లో అది మామూలే.

ఇప్పుడు తప్పులు ఎక్కడ జరుగుతాయో చూద్దాం. మొదటిది, శాతాల మ్యాపు. "మధ్యస్థంలో 300 శాతం" అని మ్యాపు మీద ముదురు నీలం కనిపిస్తే జూన్‌లో గుండె ఆగినంత పనవుతుంది. ఈ శాతాన్ని 1991 నుంచి 2020 వరకు అదే తేదీన ఉన్న మధ్యస్థంతో పోల్చి లెక్కిస్తారు. జూన్ 10న మధ్యస్థం ఒక్క అంగుళమే అయితే, ఈ ఏడాది మూడంగుళాలు ఉన్నా 300 శాతమే అవుతుంది. మూడంగుళాల నీరంటే మూణ్ణాలుగు రోజుల ఎండ. మే దాటాక శాతాలు వదిలేసి అంగుళాలే చూడాలి. ఈ మ్యాపును ఆ వెబ్‌సైటు ముందు పేజీలో అంత ప్రముఖంగా పెట్టడం నదుల నీటి లెక్కలు వేసేవాళ్లకు సరిపోతుందేమో, ట్రెక్కర్లను మాత్రం దారి తప్పిస్తుంది.

రెండోది, సున్నా. కేంద్రం సున్నా చూపిస్తే ట్రైల్ ఖాళీ అయిందని అనుకోవద్దు. ఈ కేంద్రాలను చదునుగా ఉన్న చోట, అడవి మధ్యలో ఖాళీ చేసిన జాగాలో పెడతారు. అదే ఎత్తులో ఉత్తరపు వాలు మీదా, గాలి తెచ్చి పోసిన గోతుల్లోనూ మంచు ఇంకా వారాల తరబడి ఉండిపోతుంది. ఇంకో సంగతి చాలామందికి వింతగా అనిపిస్తుంది. చెట్ల నీడలో మంచు ఎక్కువ కాలం ఉంటుందనుకుంటాం. గట్టి చలి ఉండే చోట అది నిజమే. కాస్కేడ్స్ పడమటి వైపులా శీతాకాలం మెత్తగా ఉండే చోట్ల మాత్రం దట్టమైన చెట్ల కొమ్మలు చాలా మంచును పైనే ఆపేస్తాయి, చెట్ల నుంచి వచ్చే వేడి కింది మంచును కరిగిస్తుంది. అందుకే అక్కడ ఖాళీ జాగాలోనే మంచు ఎక్కువ రోజులు నిలుస్తుంది. పడమటి వైపు కేంద్రం చుట్టూ అడవి అప్పటికే ఖాళీ అయి ఉండొచ్చు. తూర్పు వైపు, ఎత్తులో, దీనికి తిరగబడి కూడా ఉండొచ్చు.

మూడోది సెన్సరు తప్పులు. ఎండాకాలంలో కింద గడ్డి పెరిగితే లోతు సెన్సర్ దాన్నే మంచు అనుకుని నాలుగైదు అంగుళాలు చూపిస్తుంది. లోతు ఐదంగుళాలు, నీరు సున్నా అని ఉంటే అది గడ్డే. ఒక గంటలో లోతు 60 నుంచి 140కి ఎగిరి మళ్లీ 60కి వచ్చిందంటే ఆ అంకె కొట్టిపారేయండి.

పేజీలో అన్నిటికంటే ఉపయోగపడేది ఏడాది గ్రాఫు. నల్ల గీత ఈ ఏడాది, ఆకుపచ్చ గీత మధ్యస్థం, వెనక రంగులు పాత ఏళ్ల పరిధి. వెబ్‌సైటు వాడటం మాత్రం కొత్తవాళ్లకు చికాకే. మ్యాపులో పొరలు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి, ఫోన్లో అయితే మరీ ఇబ్బంది. ఒకసారి మీకు కావాల్సిన నాలుగు కేంద్రాల పేజీలు బుక్‌మార్క్ చేసుకుంటే ఇక మ్యాపు జోలికి పోనక్కర్లేదు. ఐదుకు నాలుగున్నర ఇస్తాం. పోయిన సగం ఆ మ్యాపుకే.

కోపర్నికస్ బ్రౌజర్: కొండను చూడటం

సెంటినెల్-2 ఉపగ్రహాల్లో మొదటిది 2015లో, రెండోది 2017లో ఎగిరాయి. 2024లో మూడోది చేరింది. రెండేసి కలిసి తిరుగుతుంటే భూమధ్యరేఖ దగ్గర ఐదు రోజులకోసారి ఒకే చోటిని చూస్తాయి. వాషింగ్టన్ అంత ఉత్తరాన అవి ఫొటో తీసే పట్టీలు ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి చాలా చోట్ల రెండు మూడు రోజులకే కొత్త ఫొటో ఉంటుంది. ఫొటోలో ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్లు. అంటే ట్రైల్ కనిపించదు, కానీ ట్రైల్ వెళ్లే గడ్డి మైదానం పచ్చగా ఉందో తెల్లగా ఉందో తేటతెల్లంగా కనిపిస్తుంది.

వాడే పద్ధతి చెబుతాం. ఫోన్ కాకుండా ల్యాప్‌టాప్ తీసుకోండి. సైట్ తెరిచి మీ కొండ పేరు వెతికి దగ్గరికి జూమ్ చేయండి. డేటాలో సెంటినెల్-2 ఎల్2ఏ ఎంచుకోండి. అక్కడే మబ్బు ఎంత శాతం దాకా ఫర్వాలేదో అడిగే స్లైడర్ ఉంటుంది. దాదాపు అందరూ దాన్ని 20 దగ్గరో 30 దగ్గరో ఉంచుతారు, మంచి ఫొటోలు పోగొట్టుకునేది అక్కడే. ఆ శాతాన్ని లెక్కించేది సుమారు 110 కిలోమీటర్ల చదరానికి, మీ లోయకు కాదు. పడమటి వైపంతా మబ్బు కమ్మి 70 శాతం చూపించినా, తూర్పు వైపు లెవెన్‌వర్త్ ఊరి పైనున్న కొండలు అద్దంలా ఉండొచ్చు. స్లైడర్‌ను 100 దగ్గర పెట్టి, క్యాలెండర్‌లో గుర్తు ఉన్న తేదీలన్నీ ఒక్కొక్కటిగా కళ్లతో చూడటమే సరైన పని. రెండు నిమిషాలు పడుతుంది.

మొదట ట్రూ కలర్‌లో చూడండి. దానితో ఆగిపోతే మోసపోతారు, ఎందుకంటే ఆ పొరలో మంచు తెలుపే, మబ్బూ తెలుపే, లెవెన్‌వర్త్ దగ్గరి ఎన్‌చాంట్‌మెంట్స్ కొండల్లో అయితే గ్రానైట్ బండలు కూడా తెలుపే. అందుకే వెంటనే ఎస్‌డబ్ల్యూఐఆర్ పొరకు మారండి. మన కంటికి కనిపించని పొట్టి ఇన్‌ఫ్రారెడ్ వెలుగును మంచు మింగేస్తుంది, నీటి చుక్కల మబ్బు దాన్ని తిప్పి పంపుతుంది. దాంతో ఈ పొరలో మంచు ఆకాశనీలంగా, మబ్బు తెల్లగా, చెట్లు ఆకుపచ్చగా, బండలూ మట్టీ గోధుమ రంగులో కనిపిస్తాయి. బాగా ఎత్తున ఉండే పలుచని మబ్బులు మాత్రం గడ్డకట్టిన చుక్కలతో ఉంటాయి కాబట్టి అవీ కాస్త నీలంగా కనిపించొచ్చు. లోయల మీదుగా ఒకే తీరున పరుచుకున్న నీలం కనిపిస్తే, మంచు అలా లోయలనూ గట్లనూ ఒకేలా కప్పదు కదా, అనుమానించండి. ఈ పొరలో వాడే తరంగాల చుక్క 20 మీటర్లు. అందుకే అంచు సరిగ్గా ఎక్కడుందో తేల్చడానికి మళ్లీ ట్రూ కలర్‌కు రావాలి.

మంచు అంచు దొరికాక, పక్క కిటికీలో కాంటూరు మ్యాపు పెట్టుకుని ఆ అంచు ఎత్తు రాసుకోండి. ఒకే లోయలో దక్షిణపు వాలు మీద ఒకటి, ఉత్తరపు వాలు మీద ఒకటి, లోయ అడుగున ఒకటి, మొత్తం మూడు అంకెలు. పది రోజుల కిందటి ఫొటోతో కంపేర్ ట్యాబ్‌లో పక్కపక్కన పెట్టి అవే మూడు అంకెలు మళ్లీ రాయండి. తేడాను పదితో భాగిస్తే రోజుకు ఎన్ని అడుగులు పైకి జరుగుతోందో వస్తుంది. స్నోటెల్ చెప్పే కరిగే వేగానికీ దీనికీ పొంతన కుదిరితే ధైర్యంగా ముందుకెళ్లొచ్చు. కుదరకపోతే రెంటిలో ఒకటి తప్పు చదివారు. ఎక్కువగా తప్పు జరిగేది నీడల దగ్గర. ఈ ఉపగ్రహం సూర్యుడి లెక్కన పదిన్నర, పదకొండు మధ్య వెళ్తుంది కాబట్టి ఎండ ఆగ్నేయం నుంచి పడుతుంది, నిటారు గట్ల నీడలు వాయవ్యం వైపు పడతాయి. మార్చిలో వాయవ్యపు వాలులు నల్లగా కనిపిస్తే అక్కడ మంచు లేదని కాదు, వెలుగు లేదంతే. జూన్‌కు సూర్యుడు బాగా పైకి వస్తాడు, ఈ బాధ చాలా వరకు తీరుతుంది.

సరస్సులను తప్పకుండా చూడండి. అవి కొండ మీద పెట్టిన థర్మామీటర్లలాంటివి. ఎన్‌చాంట్‌మెంట్స్‌లోని కోల్‌చక్ లేక్ 5,570 అడుగుల దగ్గర ఉంది. మే, జూన్ నెలల్లో వరసగా నాలుగు ఫొటోలు తీస్తే అది ముందు మచ్చలేని తెలుపు, తర్వాత మాసిన బూడిద రంగు, ఆపై అంచుల్లో నల్లటి ఉంగరం, చివరికి మొత్తం నలుపు. అంచు నల్లబడిందంటే గట్టు దగ్గర మంచుగడ్డ నీళ్లలోంచి విడిపోయింది. అప్పుడు దాని మీద అడుగు పెట్టడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. మొత్తం నలుపైతే సరస్సు చుట్టూ బాట చాలా చోట్ల బయటపడి ఉంటుంది, అక్కడక్కడా మంచు పట్టీలు దాటాల్సి వస్తుంది.

ఈ సర్వీసు లోపాలు కూడా చెప్పాలి. దట్టమైన అడవి కింద ఏముందో దానికి కనిపించదు, కాబట్టి నడక మొదలయ్యే ట్రైల్‌హెడ్ నుంచి 4,500 అడుగుల దాకా దాదాపు గుడ్డిదే. పది మీటర్ల కంటే సన్నటి మంచు పట్టీ కనిపించదు. నిజానికి జూన్‌లో మనుషులు జారిపడేది అలాంటి సన్నటి పట్టీల మీదే: ఎండిన ట్రైల్ మీద నడుస్తూ నడుస్తూ ఒక నిటారు గాడిలో ఎనిమిది అడుగుల వెడల్పు గట్టి మంచు, కింద రెండు వందల అడుగుల జారుడు, చివర బండలు. ఫొటోలో ఆ గాడి గోధుమ రంగులోనే ఉంటుంది. వాయవ్య అమెరికాలో మే, జూన్ నెలల్లో రెండు వారాల పాటు ఒక్క తేటైన ఫొటో కూడా దొరకని రోజులు కూడా ఉంటాయి. అలాంటప్పుడు నాసా వర్ల్డ్‌వ్యూ సైట్‌లో రోజూ వచ్చే ముతక ఫొటోలు అక్కరకొస్తాయి. చుక్క 250 మీటర్లు కాబట్టి అంచు తేలదు, కానీ ఏ కొండవరస తెల్లగా ఉంది, ఏది గోధుమ రంగుకు వచ్చింది అన్నది తేలుతుంది.

అయినా కోపర్నికస్‌కు ఐదుకు ఐదు ఇస్తున్నాం. కారణం తాజా ఫొటోలు కాదు, పాతవి.

జత ఏడాదిని పట్టుకోవడం

ఎన్‌చాంట్‌మెంట్స్‌లో రాత్రి బస పర్మిట్లు లాటరీలో ఇస్తారు, దానికి దరఖాస్తులు ఫిబ్రవరి 15 నుంచి మార్చి 1 వరకు. ఆ పర్మిట్ అవసరమయ్యేది మే 15 నుంచి అక్టోబర్ 31 వరకు. అంటే జూన్ 12కు తేదీ అడగాలా, జులై 3కు అడగాలా అని తేల్చుకోవాల్సింది మంచు ఇంకా కురుస్తుండగానే. ఈ సమయంలో ఏ అంచనా సైటూ పనికిరాదు. పాత ఫొటోలు పనికొస్తాయి. 2016 నుంచి ప్రతి ఏడాదీ జూన్ 10–15 మధ్య దొరికే తేట ఫొటో ఒక్కొక్కటి తీసి వరసగా పేర్చండి. ఆస్‌గార్డ్ పాస్ (7,840 అడుగులు) వాలు ఎన్ని ఏళ్లలో తెల్లగా ఉంది, పైనున్న సరస్సులు ఎన్ని ఏళ్లలో గడ్డకట్టి ఉన్నాయి, లెక్కపెట్టుకోండి. పదేళ్లలో ఎనిమిదేళ్లు తెల్లగా ఉంటే, ఐస్ యాక్స్ (మంచులో పట్టు దొరికేందుకు వాడే గొడ్డలి) వాడటం రాని జట్టుకు ఆ తేదీ అడగకండి.

ఏప్రిల్, మే వచ్చాక ఇదే పాత నిల్వ ఇంకో రకంగా అక్కరకొస్తుంది. మీ స్నోటెల్ గ్రాఫులో ఈ ఏడాది నల్ల గీత మే 1న ఎక్కడుందో చూసి, అదే తేదీకి దాదాపు అంతే నీరున్న పాత ఏడాదిని వెతకండి. అదే మీ జత ఏడాది. ఇప్పుడు ఆ ఏడాది జూన్ 5, జూన్ 15, జూన్ 25 ఫొటోలు తెరవండి. మీరు వెళ్లే రోజున కొండ ఎలా ఉండొచ్చో చూపించే ఫొటో దాదాపుగా అదే.

దాదాపుగా అన్నది ఎందుకంటే, మే 1న ఎంత నీరుందన్నదే కాదు, ఆ తర్వాత ఎలాంటి ఎండ కాసిందన్నది కూడా లెక్కే. వాషింగ్టన్‌లో 2022 వసంతం చల్లగా సాగి ఏప్రిల్, మే నెలల్లో కూడా మంచు చేరుతూనే పోయింది. 2023లో మే నడిమధ్యలో వచ్చిన ఎండ దెబ్బకు మంచు గబగబా కరిగింది. 2021 జూన్ చివర్లో వచ్చిన ఆ విపరీతమైన వేడి మిగిలి ఉన్నదాన్ని కొద్ది రోజుల్లో ఊడ్చేసింది. అందుకే ఒక జతతో సరిపెట్టుకోకండి. చల్లటి మే ఉన్న ఏడాది ఒకటి, వేడి మే ఉన్న ఏడాది ఒకటి తీసుకోండి. రెండు ఫొటోలు చూస్తే మీ ట్రిప్పుకు హద్దులు రెండూ కళ్ల ముందుంటాయి. సామాను చల్లటి ఏడాది ఫొటో చూసి సర్దుకోవాలి.

స్పైడర్ మెడో మీద పెట్టి చూస్తే

ఇదంతా కాస్కేడ్స్‌లో ఒక దారి మీద వాడి చూద్దాం. ఫెల్ప్స్ క్రీక్ ట్రైల్‌హెడ్ సుమారు 3,500 అడుగుల దగ్గర. అక్కడి నుంచి అడవిలో నడిచి స్పైడర్ మెడో, ఆపైన నిటారుగా ఎక్కితే లార్చ్ నాబ్, అక్కడి నుంచి ఎత్తయిన గోడల మధ్య సన్నటి మంచు నాలుక మీదుగా 7,100 అడుగుల స్పైడర్ గ్యాప్. గ్యాప్ దాటి ఉత్తరానికి దిగితే లైమన్ సరస్సులు. లైమన్ లేక్ స్నోటెల్ కేంద్రం ఆ పక్కనే 5,980 అడుగుల దగ్గర ఉండటం ఈ దారికి పెద్ద వరం.

జూన్ రెండో వారం అనుకుందాం. ఫొటోలో మెడో పచ్చగా ఉంది, దాని పై చివర నీలం మొదలైంది. మెడో దాకా బాట ఖాళీయే అనుకోవచ్చు, కింద అడవిలో అక్కడక్కడా పట్టీలు, శీతాకాలంలో కూలిన చెట్లు తప్పవు. స్నోటెల్ లైమన్ దగ్గర నీరు 20 అంగుళాలు, లోతు 42 అని చెబుతోందనుకోండి. సాంద్రత 48 శాతం, బాగా ముదిరింది. కానీ ఆ కేంద్రం కంటే గ్యాప్ 1,100 అడుగులు ఎత్తు, అవతలి వైపు ఉత్తరపు వాలు. అక్కడ ఇంకా చాలా లోతు ఉంటుంది, వారాల్లో తేలేది కాదు. ఇప్పుడు క్యాల్‌టోపో మ్యాపులో వాలు కోణం చూపే రంగుల పొర తెరవండి. అందులో 35 నుంచి 45 డిగ్రీల వాలుకు ఎరుపు ఉంటుంది. మీ దారి ఎరుపును తాకే చోటా, ఫొటోలో నీలం ఉన్న చోటా కలిశాయంటే అక్కడ బూట్లకు తొడిగే మైక్రోస్పైక్స్ చాలవు. వాటి ముళ్లు ఒక సెంటీమీటరు, చదునైన గట్టి మంచు బాటకు చేసినవి. నిటారు వాలు మీద అవి రబ్బరు పట్టీతో సహా పక్కకు తిరిగిపోతాయి. అక్కడ పొడవైన ముళ్ల క్రాంపన్లు, ఐస్ యాక్స్, జారితే యాక్స్‌తో ఆగడం ముందే నేర్చుకున్న చేతులు కావాలి. అవి లేని జట్టు మెడోలో రెండు రాత్రులు గడిపి రావడమే మంచి ట్రిప్పు.

ట్రిప్ రిపోర్టులు చదవద్దని కాదు. వాషింగ్టన్ ట్రెయిల్స్ అసోసియేషన్ సైట్‌లో వచ్చేవాటిలో వాగుల సంగతి, కూలిన చెట్ల సంగతి ఉంటుంది, ఉపగ్రహం అవి చెప్పలేదు. అయితే తేదీ చూడండి, వారం పాతదైతే మంచు సంగతి చెల్లదు. రాసినవాళ్లు పొద్దున ఆరింటికి నడిచారా, మధ్యాహ్నం మూడింటికా అన్నది కూడా చూడండి. పొద్దున "స్పైక్స్ లేకుండా హాయిగా" అన్నదే మధ్యాహ్నానికి తొడ దాకా దిగబడే బురద మంచు.

స్నోడాస్ అనే మంచు లోతు మ్యాపు చాలా యాప్‌లలో కనిపిస్తుంది. చుక్క ఒక కిలోమీటరు. ఆ కిలోమీటరులో ఎండిన దక్షిణపు వాలూ, నిండిన ఉత్తరపు గాడీ కలిసి ఒక సగటు అంకె అవుతాయి. రాష్ట్రమంతా ఒక్క చూపులో చూడటానికి బాగుంటుంది, ట్రైల్ ఎంచుకోవడానికి వద్దు.

కాలిఫోర్నియాలో సియెర్రాకు వెళ్లేవాళ్లు స్నోటెల్ బదులు ఆ రాష్ట్ర నీటి శాఖ నడిపే సీడెక్ సైట్ చూడాలి. టువోలమ్ మెడోస్ (8,600 అడుగులు), డేనా మెడోస్ (9,800), షార్లెట్ లేక్ (10,400), బిగ్‌హార్న్ ప్లాటో (11,350) సెన్సర్లు సరిపోతాయి. ఆ కొండల్లో ఏడాదికీ ఏడాదికీ తేడా ఎంత ఉంటుందంటే, యోసెమిటీలో టయోగా రోడ్డు 2015లో మే 4న తెరిచారు, 2023లో జులై 22న తెరిచారు. జత ఏడాది పద్ధతి అక్కడ ఇంకా బాగా పనిచేస్తుంది, ఎందుకంటే మే, జూన్‌లలో మబ్బులు తక్కువ, ఫొటోలు ఎక్కువ.

హైదరాబాద్, విజయవాడ నుంచి హిమాలయాలకు వెళ్లేవాళ్లకు స్నోటెల్ లాంటిది లేదు. కానీ అదే సెంటినెల్ హిమాచల్ మీదుగా కూడా వెళ్తుంది. సుమారు 4,270 మీటర్ల హంప్టా పాస్‌కు జూన్ మొదటి వారం బ్యాచ్ బుక్ చేసుకునే ముందు గత ఐదారేళ్ల జూన్ 1–10 ఫొటోలు తెరిచి చూడండి. బాలు కా ఘేరా మైదానం ఏ ఏడాది పచ్చగా ఉంది, ఏ ఏడాది తెల్లగా ఉందో అర్థమవుతుంది. కనుమ దగ్గర మంచు ఉంటుందని బ్రోషరులో రాసిన దానికీ, ఎంత దూరం మంచు మీద నడవాలన్న దానికీ ఉన్న తేడా ఆ ఫొటోల్లో తెలుస్తుంది.

ఇంత చూసినా ఈ రెండు సర్వీసులూ చెప్పని సంగతులు ఇంకా ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది రాత్రి గడ్డకట్టిందా లేదా అన్నది. వసంతంలో మంచు పగలు మెత్తబడి రాత్రి బిగుస్తుంది. బిగిసిన పొర మీద పొద్దున ఎనిమిది, తొమ్మిది దాకా హాయిగా నడవొచ్చు. ఆకాశం తేటగా ఉంటే మంచు తన వేడిని పైకి వదిలేస్తుంది కాబట్టి గాలి 32 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువున్నా పై పొర బిగుస్తుంది. మబ్బు కమ్మితే దుప్పటి కప్పినట్టే, 32 దగ్గరున్నా బిగవదు. రెండు మూడు రాత్రులు వరసగా బిగవకపోతే నిటారు వాలుల మీద తడి మంచు కింది నేల దాకా జారే ప్రమాదం పెరుగుతుంది. నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ రోజువారీ అంచనాలు మామూలుగా ఏప్రిల్ దాకానే. మేలో ఈ లెక్క మీరే వేసుకోవాలి. వాగులు కూడా దీనికి తోడే: పగటి ఎండకు కరిగిన నీరు సాయంత్రానికి వాగు చేరుతుంది, పెద్ద లోయల్లో అర్ధరాత్రికి. దాటాల్సిన వాగు ఉంటే తెల్లవారుజామున దాటండి. వాగు మీద మంచు వంతెనలా పరుచుకుని ఉంటే, ముందు కర్రతో గుచ్చి చూడండి. కింద నీటి చప్పుడు దగ్గరగా వినిపిస్తే, అంచున మందం రెండడుగుల కంటే తక్కువ కనిపిస్తే ఇంకో చోటు వెతకండి. ఆస్‌గార్డ్ పాస్ వాలు మీద మంచు కింద పారే జలపాతం దగ్గర గుంతలు పైకి కనిపించవు. అక్కడ నీటి చప్పుడు వినిపించే వైపు అసలు వెళ్లకూడదు.

బయల్దేరే ముందు రాత్రి చేయాల్సిన పని పది నిమిషాలది. తాజా తేట ఫొటో, మంచు అంచు గీసిన మ్యాపు స్క్రీన్‌షాట్లు తీసి, మీద ఫొటో తేదీ రాసి ఫోన్లో పెట్టుకోండి, అక్కడ సిగ్నల్ ఉండదు. ట్రైల్‌హెడ్‌కు వెళ్లే అడవి రోడ్డు గేటు తెరిచారో లేదో రేంజర్ ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కోండి. స్నోటెల్ గంటవారీ పేజీలో గత రెండు రాత్రుల కనిష్ఠ వేడి చూడండి, నేషనల్ వెదర్ సర్వీస్ సైట్‌లో మీ కనుమ మీద నొక్కి రాబోయే రెండు రాత్రులది చూడండి. నాలుగు రాత్రులూ మబ్బుతో 36 డిగ్రీలు దాటి ఉంటే స్పైడర్ గ్యాప్ సంగతి మర్చిపోయి టెంటు మెడోలోనే వేయండి.